ఎత్తు సున్నా, వెడల్పు సున్నా

ఒక్క ఫొటో కూడా వాడకుండా ఈ ప్రాంత అభివృద్ధిని వెబ్‌సైట్‌లో ప్రపంచానికి చూపిస్తామని మా నాయకుడు వరదయ్యగారు ఆత్మకూరు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. విలేకరిగా ఆ చారిత్రక ఘట్టానికి నేనూ సాక్షినే.

ఫొటో ఎందుకు వద్దో అడగడం మర్యాద కాదు. మర్రిపాడు పైనున్న పల్లెకు ఆయన మంజూరు చేయించిన నీళ్ల ట్యాంకు ఇంకా కట్టలేదు. లేనిదాన్ని ఫొటో తీసే కెమెరా మన దేశానికి ఇంకా రాలేదు.

వెబ్‌సైట్ పని బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ నడిపే సుకుమారికి అప్పగించారు. బొమ్మ అతికించకుండా, పేజీకి రూపమిచ్చే స్టైల్ షీట్‌లో నాలుగు వరుసల కోడ్ రాసి ఏ ఆకారాన్నయినా తెర మీద నిలబెట్టగలదు ఆమె.

"ఈ త్రికోణం ఎట్టొచ్చిందమ్మా?" అన్నారు నాయకుడు, ఆమె తెర మీద చూపిన నమూనా చూసి.

"పెట్టెకు ఎత్తు సున్నా, వెడల్పు సున్నా ఇచ్చినాను సార్. అంచుకు మాత్రం రంగేసినాను."

"లోపల?"

"ఏమీ లేదు సార్."

"ఇన్నేళ్లూ సిమెంటు దండగ చేసినామే!"

సుకుమారి నాలుగు స్తంభాలు, పైన గుండ్రం, ఆ పైన త్రికోణపు కప్పుతో ట్యాంకు గీసి, కింద 'ప్రతిపాదన' అని రాసింది. ఆ మాట అందం చెడగొడుతోందని నాయకుడు తీయించారు. మౌసుకు రిబ్బను కట్టి వెబ్‌సైట్‌ను ఉదయగిరిలో ఘనంగా ప్రారంభించారు. తెర మీద ట్యాంకు చూసి సంతోషించిన పై అధికారులు, ఆ పల్లెకు వెళ్లే నీళ్ల ట్యాంకరును ఆపేశారు.

పల్లె నుంచి మాలకొండమ్మ ఖాళీ బిందెతో నాయకుడి ఇంటికి వచ్చింది.

"మాకు ట్యాంకుండాదంట. యాడుండాదయ్యా?"

ఆయన ఓపికగా ఫోన్ చూపించారు. "ఎంత గుండ్రంగా ఉండాదో చూడు."

"కొళాయేది సామీ?"

ఆయన అక్కడికక్కడే సుకుమారికి ఫోన్ చేశారు. "కొళాయి మరిచిపోయినావమ్మా!"

మాలకొండమ్మ నేరుగా కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లింది.

"నువ్వు గీసే కొళాయిలో నీళ్లొస్తాయా తల్లీ? బిడ్డలు గుంటలో నీళ్లు తాగతా ఉండారు."

సుకుమారి మాలకొండమ్మను కూర్చోబెట్టి, ఎదురుగానే ఆ వరుసలన్నీ చెరిపేసింది. ట్యాంకు మాయమైంది.

"ప్రతిపక్షం ట్యాంకును కూల్చేసింది!" అని మర్నాడు నాయకుడు రోడ్డు మీద బైఠాయించారు. ఆ ఆవేదనను నేను మొదటి పేజీకి పంపాను. ట్యాంకు కోల్పోయిన బాధితులకు తక్షణ సాయంగా అధికారులు రోజూ రెండు ట్యాంకర్లు పంపసాగారు.

విచారణాధికారి పల్లెకు వచ్చేసరికి మాలకొండమ్మ నిండు బిందె చంకనెత్తుకుంటోంది.

"ట్యాంకు కూలినప్పుడు నువ్వు ఎక్కడున్నావు?"

"దాని కిందే ఉండినాను సామీ. ఒక్క చుక్క కూడా మీద పడలా."