కిట్టు తుప్పు, కుసుమ చింతపండు

పరదేశంలోని మాసన్ లేక్స్ అనే ఊళ్లో ఆ శుక్రవారం ఉదయం కిట్టు వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. లాండ్రీ గదిలోని ఐదు గిన్నెల్లో ఉన్న ముక్కలను ఫొటోలు తీయాలి, రెండు గంటలకల్లా యూనివర్సిటీలో అప్పగించాలి. ఉక్కు, పోత ఇనుము, ఇత్తడి, అల్యూమినియం, ప్లాస్టిక్ ముక్కలు మూడు వారాలుగా ఉప్పునీళ్లలో నానుతున్నాయి. ఏది ఎంత పాడైందో, ఎందుకు పాడైందో రాయాలి. మెటీరియల్స్ సబ్జెక్టు అతను పోయినసారే తప్పాడు. ఈసారీ తప్పితే చదువు ఇంకో ఏడాది సాగుతుంది.

తలుపు తీసేసరికి గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ముక్కలన్నీ పక్కనే తువ్వాలు మీద తళతళలాడుతున్నాయి.

ఆ ఇంట్లో కిట్టుది అద్దె గది, ఇల్లు కుసుమది. కాకినాడ వదిలి పాతికేళ్లయినా, ఎవరైనా ఏదైనా నానబెట్టారంటే అది తోమడానికేనని ఆమె నమ్మకం. మూడు వారాలు ఓపికగా చూసింది. ఇక చూడలేకపోయింది.

"చదువుకునే పిల్లాడివి, తోముకోడానికి టైం ఎక్కడుంటుందిలే అని నేనే చింతపండుతో తోమేశాను. ఆ నల్లముక్క మాత్రం మహా మొండిది. దానికి నూనె రాసి స్టవ్ మీద బాగా కాల్చాను, మన దోసెల పెనానికి చేసినట్టే," అంది కుసుమ.

కిట్టు మూడు వారాల పని ఆ చింతపండుతో కొట్టుకుపోయింది. కానీ రెండేళ్లుగా కొసరి కొసరి వడ్డిస్తున్న చెయ్యి అది, కోప్పడబుద్ధి కాలేదు.

"థాంక్స్ ఆంటీ. కానీ నాకు మార్కులు ఆ తుప్పుకే," అన్నాడు.

కుసుమ ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూడలేక రంగంలోకి దిగాడు ఆమె భర్త యోగానంద్. ముప్పైయేళ్లు వంతెనలు కట్టించి రిటైరైన ఇంజినీరు. తుప్పు పట్టకుండా ఆపడమే కష్టం కానీ పట్టించడం ఎంతసేపన్నాడు. వెనిగర్, ఉప్పు, మందుల డబ్బాలోని పెరాక్సైడ్ తెచ్చి, పని త్వరగా తెమలాలని ఐదు ముక్కలనూ ఒకే గిన్నెలో పడేశాడు.

రెండు లోహాలను అలా కలిపి ఉంచితే ఒకటి రెండోదాన్ని తినేస్తుందని కిట్టు క్లాసులో విన్నాడు. అయితే పెద్దాయన ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి నోరు రాలేదు. గంటలో ఉక్కు ఎర్రబడింది. ఇత్తడి రంగు మారింది. అల్యూమినియం బుసబుసమని పొంగి ఒళ్లంతా గుంటలు పడింది. ఇల్లంతా ఊరగాయ జాడీ పగిలిన వాసన.

ఒంటిగంట దాటింది. తడి ఆరడానికి యోగానంద్ అన్నిటినీ కుసుమ కేకుల ట్రేలో సర్ది అవెన్‌లో పెట్టాడు. అంతవరకూ వేటికీ చలించని ప్లాస్టిక్ ముక్క ఆ వేడికి కరిగి, మిగతా నాలుగింటినీ ట్రేకి అతికించి చల్లబడింది. అట్లకాడ విరిగింది కానీ ముక్క ఊడలేదు.

కిట్టు ట్రేతోనే ల్యాబ్‌కి వెళ్లాడు. ట్యూటర్ కరోలిన్ ఆ దేశంలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, తల్లిదండ్రులది బాపట్ల. ఆమె ట్రేను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంకో ఏడాది ఖాయమని తేలిపోయాక అబద్ధమాడే అవసరం కనిపించలేదు కిట్టుకి. చింతపండు నుంచి అవెన్ దాకా ఉన్నదున్నట్టు చెప్పాడు.

కరోలిన్ నవ్వలేదు. పోత ఇనుము మీద వేలు పెట్టింది. వెనిగర్‌లో గంట మునిగినా దాని మీద తుప్పు మచ్చ లేదు.

"దిస్ వన్ ఎందుకు రస్ట్ అవలేదు?" అంది.

"ఆంటీ కాల్చిన నూనె గట్టిపడి పొరలా అంటుకుంది. ఉప్పుకీ గాలికీ దారి లేదు," అన్నాడు కిట్టు. చెప్పాక గానీ, ఆ సమాధానం తనకు తెలుసని అతనికే తెలియలేదు.

ఆమె మిగతావీ అడిగింది. ప్రతి ముక్క ఎందుకు చెడిందో కిట్టు పొద్దుట్నుంచీ కళ్లారా చూశాడు గనుక తడుముకోకుండా చెప్పాడు. అవన్నీ రిపోర్టులో రాసిమ్మంది. ఇనుము తుప్పు పడుతుందని ఒకే వాక్యం ముప్పైమంది రాశారని, తుప్పు పట్టని ఇనుము తెచ్చినవాడు ఇతనొక్కడేనని చెప్పింది. వచ్చేవారం ఆ నూనె పద్ధతి చూపించడానికి ఆంటీని పిలుచుకు రమ్మంది.

తర్వాతి బుధవారం మార్కులొచ్చాయి. నూటికి డెబ్బై రెండు. అన్నీ ఒకే గిన్నెలో కలిపినందుకూ, అవెన్‌లో ప్లాస్టిక్ కరిగించినందుకూ మిగతావి కోసేశారు. కిట్టు తేలికపడ్డ గుండెతో ఇంటికొచ్చి, భోజనాల దగ్గర ఆ మాట చెప్పాడు. కుసుమ సంతోషంతో ఇంకో గరిటె పప్పు వేసి, మిగతా ఇరవై ఎనిమిది ఎందుకు పోయాయని అడిగింది.

యోగానంద్ కూడా అక్కడే అన్నం కలుపుకుంటున్నాడు కనుక కిట్టు పెరుగు ఇటివ్వమన్నాడు.