గరిడేపల్లి సభలో గరిడేపల్లి మనిషి

గరిడేపల్లి ప్రజావేదికలో, మూడో వరుసలో, గరిడేపల్లి మనిషే ఒకామె కూర్చుని ఉందని తెలిసేసరికి ధర్మేందర్‌కు ఏసీ ఫంక్షన్ హాల్లో కూడా చెమటలు పట్టాయి.

పట్టవా మరి! ఈ ప్రజావేదికల రూపకర్త, నిర్వాహకుడు, వ్యాఖ్యాత అన్నీ ఆయనే. ‘ప్రజల అవసరాలను ప్రజల నోటే విందాం’ అని ప్రజావసరాల అవగాహన సంఘం చైర్మన్ శ్యాంసుందర్ గారు గంభీరంగా ప్రకటించినప్పుడు, ఏ ప్రజలు అనే చిక్కుప్రశ్నకు జవాబు కనిపెట్టిన మేధావి ధర్మేందరే. సొంత ఊళ్లో మనిషికి వంద అవసరాలుంటాయి. అదే మనిషిని పరాయి ఊళ్లో కుర్చీ వేసి కూర్చోబెడితే ఒక్కటీ గుర్తుకు రాదు. మనం ఏది చెప్పమంటే అది చెబుతాడు.

ఈ మహత్తర సూత్రం ప్రకారం సూర్యాపేట వేదికలో మిర్యాలగూడ ప్రజలు, మిర్యాలగూడ వేదికలో కోదాడ ప్రజలు, కోదాడ వేదికలో సూర్యాపేట ప్రజలు తమ అవసరాలను కళ్లకు కట్టినట్టు విన్నవించుకున్నారు. మూడు చోట్లా ప్రజలకు కావలసింది ఒకటేనని తేలింది: వాకింగ్ ట్రాక్. ఆ ఏకాభిప్రాయం చూసి చైర్మన్ గారు వేదిక మీదే కళ్లు తుడుచుకున్నారు. గరిడేపల్లి కూడా ట్రాకే అడిగితే ధర్మేందర్‌ను వైస్ చైర్మన్ చేస్తానని కారులో మాటిచ్చారు. ధర్మేందర్ ఆ పూటే ఇంటి గేటుకు బోర్డు రాయించాడు. రంగు ఇంకా ఆరలేదు.

ఇంతలో ఈ ఉపద్రవం. చెయ్యెత్తిన ముసలామెకు మైకు ఇవ్వబోతూ, "ఏ ఊరు పెద్దమ్మా?" అని మాటవరసకు అడిగాడు.

"గీడిదే బిడ్డా. గీ హాలెనుక సందులనే మా ఇల్లు. సత్తమ్మంటరు."

ధర్మేందర్ మైకు వెనక్కి లాక్కుని, వేదికెక్కి చైర్మన్ గారి పక్కన చేరాడు. సత్తమ్మకు మైకు అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

"సారూ! పోయిన అమాసనాడు మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపాయె. బోర్లు నడుస్తలెవ్వు. నారు ఎర్రబడ్డది. ఇంకో వారం గిట్లనే ఉంటే ఇగ నాటేసుడు లేదు, మా నోట్లెకు మెతుకు లేదు."

చైర్మన్ గారు పక్కకు వంగారు. "ఏమయ్యా, ఏమంటోంది?"

"అవసరం చెబుతోంది సార్."

"ఎవరి అవసరం?"

"ఆమెదే సార్."

"ఆమెదా!"

చైర్మన్ గారు మంచినీళ్ల సీసా సగం ఖాళీ చేశారు. సామాన్యుడైతే అక్కడే కూలిపోయేవాడు. ధర్మేందర్ మాత్రం మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పెద్దమ్మ ఎంత చక్కగా చెప్పింది! కరెంటు లేక చీకట్లో నడక కష్టమవుతోంది. కనుక ఆమె కోరేది వాకింగ్ ట్రాక్, లైట్లతో సహా!"

వేదిక మీద చప్పట్లు మోగాయి. వేదిక కింద మోగలేదు.

"నడుసుడు నాకు నేర్పుతవా కొడుకా? పుట్టినకాడికెల్లి పొలం ఒడ్లెంబడి నడుస్తనే ఉన్న. మడిల నీళ్లు లెవ్వు, గది సూడు ముందుగాల!"

నాలుగో వరుసలోంచి గట్టయ్య లేచాడు. "అవ్ సారూ, నా బోరు గూడ గా ట్రాన్స్‌ఫార్మర్ కిందనే."

"నీది ఏ ఊరు?"

"గీ ఊరే."

అతని వెనక విజయ లేచింది. ఆమెదీ ఈ ఊరే. ధర్మేందర్‌కు ప్రమాదం లోతు అర్థమైంది. చొరబడిన వాళ్లను వేరు చెయ్యాలి. గొంతు సవరించుకుని, "గరిడేపల్లి వాళ్లు మాత్రమే చేతులెత్తండి" అన్నాడు.

హాలు హాలంతా చేతులెత్తింది. కాఫీ కప్పులు పట్టుకున్నవాళ్లు రెండో చెయ్యి ఎత్తారు.

"కుట్ర!" అన్నారు చైర్మన్ గారు, పెదవులు కదలకుండా. "ప్రజావేదికలోకి ప్రజలు జొరబడ్డారు. ఇంటిదొంగ ఎవడో తేల్చు. తేల్చకపోతే ఆ బోర్డు తుడిపించుకో." వంటశాల తలుపు గుండా హుందాగా నడిచి, కారెక్కి వెళ్లిపోయారు. గంగాళాల మధ్య నుంచి ఒక నాయకుడు అంత ఠీవిగా నడవడం ఆ వంటవాళ్లు మునుపెన్నడూ చూడలేదు.

సభలకు జనాన్ని సమకూర్చే మత్తయ్య ఆ వంటశాల వెనకే దొరికాడు. ధర్మేందర్ అతని అంగీ పట్టుకున్నాడు.

"పెన్‌పహాడ్ జనాన్ని తెస్తనంటివి. ఎవని మాట విని ఇట్ల చేసినవ్? నిజం చెప్పు!"

మత్తయ్య చేతులు జోడించాడు.

"ఎవని మాట ఇనలే అన్నా. తప్పు నాదే, ఒప్పుకుంటున్న. పెన్‌పహాడ్ పోయిన. ఒక్క మనిషి దొరికితే ఒట్టు. అందరు నాట్లల్ల ఉన్నరు. పక్క ఊర్లు గూడ తిరిగిన, గదే కథ. ఇగ పరేషాన్ల గీడికొస్తే, ఊరు ఊరంత గద్దెల మీద ఖాళీగ కూసున్నది. నాట్ల దినాలల్ల గింతమంది ఖాళీగ దొరుకుడంటే మన అదృష్టమనుకున్న. బండి గూడ అక్కర్లేకపాయె, నడుసుకుంటనే వచ్చిన్రు. ఎందుకు ఖాళీగున్నరని మాత్రం అడగలే అన్నా. జనాన్ని అడుగుడు మనకు అలవాటు లేకపాయె."