కొరికిన రొట్టె

సోమవారం పొద్దున డోనియోర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బెర్లిన్ కంపెనీ ఇచ్చిన ఉద్యోగపత్రం బాస్ ముందు పెట్టాలి, జీతం పెంచుకోవాలి, తాష్కెంట్‌లోనే హాయిగా ఉండిపోవాలి. ఈ సలహా ఇచ్చింది ఇంటర్నెట్‌లో కెరీర్ పాఠాలు చెప్పే ఒక మహానుభావుడు. "వెళ్ళక్కర్లేదు తమ్ముడూ, వెళ్ళిపోతావేమోనని వాళ్ళకి భయం పుట్టాలి, అంతే!" అన్నాడాయన. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాడు. డోనియోర్ ఆ మాట భార్య విషయంలోనూ పాటించాడు. అక్కడే కొంప మునిగింది.

ఆ పత్రం వంటింటి బల్లమీద మునిసా కంటపడింది. "అమ్మ దొంగా! నాకు చెప్పకుండా ఇంత పని చేశారా?" అని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, వేడివేడి రొట్టె మొగుడి నోటిముందు పెట్టింది. "కొరకండి."

అక్కడి ఆచారం ప్రకారం దూరం వెళ్ళేవాడు ఇంటి రొట్టె ఒక్క ముక్క కొరికి వెళ్ళాలి. మిగతాది గోడకి వేలాడుతుంది, తిరిగొచ్చాక వాడే తినాలి. రొట్టెను కాదంటే పాపం, కొరికి వెళ్ళకపోతే అరిష్టం. "అది కాదు మునిసా, నేనూ..." అని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో రొట్టె పడింది.

ఉప్పు కోసమొచ్చిన పక్కింటి హాషిమ్ తాత గోడకి వేలాడే రొట్టెమీద పంటిగాటు చూశాడు.

"ఎంత దూరమే?"

"బెర్లిన్ తాతా!"

ఇంకేముంది! గురువారం తెల్లవారేసరికి వీధిలో పెద్ద మూకుడు పొయ్యెక్కింది. రెండొందల మందికి వీడ్కోలు పలావు. ఆ వచ్చినవాళ్ళలో డోనియోర్ బాస్ వలీ అన్న కూడా ఉన్నాడు. ఆయన హాషిమ్ తాతకు సొంత మేనల్లుడు.

వలీ అన్న కడుపారా తిని, జరీ అంగీ ఒకటి డోనియోర్ భుజాలమీద కప్పి దీవించాడు. "టీముకి పెద్దగా నిన్నే వెయ్యాలనుకున్నా తమ్ముడూ, జీతం ఒకటిన్నర రెట్లు. రొట్టె కొరికావని తెలిసి నిన్ననే ఆ పదవి నీ పక్క సీటు ఫరుఖ్‌కి ఇచ్చేశా." డోనియోర్‌కు పొలమారింది. కళ్ళనీళ్ళు చూసి, పాపం ఊరొదల్లేక ఏడుస్తున్నాడని నలుగురూ వీపు నిమిరారు.

శుక్రవారం బెర్లిన్ నుంచి మెయిలొచ్చింది. కొత్త నియామకాలు ఆపేశారట, క్షమించమన్నారు. డోనియోర్ ఆఫీసుకు పరుగెత్తి బాస్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "అన్నా, అసలు నాకు వెళ్ళే ఉద్దేశమే లేదు! జీతం కోసం ఆడిన నాటకం. నా పాత కుర్చీ నాకిప్పించండి!"

వలీ అన్న గడ్డం గోక్కున్నాడు. "కుర్చీకేం భాగ్యం. కానీ రొట్టె కొరికినవాడు ఊళ్ళోనే తిరిగితే మా మామయ్య నన్ను బతకనిస్తాడా?" గోడమీది దేశపటం వైపు చూశాడు. "నుకుస్ శాఖకి మనిషి కావాలి. ఎడారి ఊరు, గాలికి కొదవుండదు. రెండేళ్ళు. జీతం అదే."

మునిసా వెంట రాలేదు. రొట్టెను ఎలకల నుంచి ఎవరో ఒకరు కాపాడాలి కదా. రైలు కదులుతుంటే డోనియోర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది, ఈసారి వీపు నిమిరేవాళ్ళు లేరు. ఆ కసికొద్దీ మహానుభావుడికి పేజీడు తిట్లు పంపాడు.

ఆయన అందులో 'బదిలీ' అన్న ఒక్క మాటే చదివి, సాయంత్రానికి తన పేజీలో పెట్టాడు: "మరో శిష్యుడి విజయం."