మంచి స్థితిలో ఉన్న విద్యార్థి

మాస్టారు పోయింది గురువారం. విశ్వవిద్యాలయానికి ఆయన ఇవ్వాల్సిన వ్యాసానికి అప్పటికింకా పదకొండు రోజుల గడువుంది. మొదటి పేజీలో శీర్షిక, దాని కింద ఒక వాక్యం రాసి, పెన్సిలు చెక్కి పక్కన పెట్టి లేచారు. ఆ కాగితాలు ఐదు నెలలుగా బల్ల మీద అలాగే ఉన్నాయి. టీచరుగారు రోజూ వాటి చుట్టూ దుమ్ము తుడిచేవారు. వాటిని మాత్రం కదిపేవారు కాదు.

ఇద్దరూ ఒకే బడిలో పాతికేళ్లు పనిచేశారు. ఆయన లెక్కలు, ఆవిడ భాష. ఇంట్లో కూడా ఆయన ఆవిడని ‘టీచరుగారూ’ అనే పిలిచేవారు. ఆవిడ ‘మాస్టారూ’ అనేవారు. యాభై దాటాక సాయంత్రం తరగతుల్లో చేరి పై చదువు చదువుదామన్నది ఆయన ఆలోచనే. “ఇన్నేళ్లూ బోర్డు దగ్గరే నిలబడ్డాను. ఒక్కసారి ఆఖరి బెంచీలో కూర్చోవాలి,” అన్నారు. ఒకే వరసలో నిలబడి చేరారు కాబట్టి పక్కపక్క నంబర్లు వచ్చాయి. మొదటి వారమే ఆయన ఆఖరి బెంచీలో కునుకు తీసి, పాఠం చెప్పే ఆవిడ చేత చివాట్లు తిన్నారు. బస్సు దిగి ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు.

చేరిన రోజు చేతికిచ్చిన నియమావళిని ఆయన నవల చదివినట్టు చదివారు. నాలుగుకి గాను సగటు మూడుకి తగ్గితే హెచ్చరిక, ఆ తరవాతా పెరగకపోతే తొలగింపు. అందులో ఆయనకి బాగా నచ్చింది ‘ఐ’ అనే గ్రేడు. పని పూర్తికాని విద్యార్థికి వెంటనే సున్నా వెయ్యకుండా, పూర్తిచేసేదాకా ఆగుతామని దాని అర్థం. బళ్లో ఖాళీ కాగితం ఇచ్చిన పిల్లలకి మాస్టారు ఎన్నడూ సున్నా వెయ్యలేదు. మార్కు వెయ్యాల్సిన చోట ఎర్ర పెన్సిలుతో ‘రేపు’ అని రాసేవారు. “చూశారా టీచరుగారూ, పెద్ద బళ్లో కూడా ‘రేపు’ ఉంది!” అని ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నారు. తరవాతి టర్ము ముగిసేలోగా పని పూర్తికాకపోతే ‘ఐ’ దానంతటదే ‘ఎఫ్’, అంటే సున్నా, అవుతుందని అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. అది ఆయన చదివి వినిపించలేదు.

శనివారం ఆయన పేర ఉత్తరం వచ్చింది. “మీ ‘ఐ’ గ్రేడు ‘ఎఫ్’గా మారినది. మీ సగటు 3.67 నుండి 2.75కు పడిపోయినది. చదువుపై మీకు శ్రద్ధ తగ్గినట్లు గమనించితిమి. పద్నాలుగు రోజులలోగా స్వయంగా హాజరు కానిచో తొలగించబడుదురు.”

టీచరుగారికి ముందు నవ్వొచ్చింది. ఐదు నెలల్లో అదే మొదటిసారి. తరవాత ఆ ‘ఎఫ్’ దగ్గర చూపు ఆగిపోయింది. ఎవరికీ సున్నా వెయ్యని మనిషి పేరు పక్కన సున్నా ఉంది. దాన్ని తీయించాలి. సోమవారం మొదటి రెండు పీరియడ్లూ ఖాళీ. మూడో పీరియడులో ఎనిమిదో తరగతికి పరీక్ష. ఈలోగా వెళ్లి, మరణ ధ్రువపత్రం చూపించి, వచ్చెయ్యొచ్చు. పది నిమిషాల పని.

రిజిస్ట్రారు ఆఫీసు కౌంటరులో ఒక అమ్మాయి ఉంది. ఉద్యోగంలో చేరి నెలయిందని మెడలో వేలాడే కార్డే చెబుతోంది. అది ఇంకా మెరుస్తోంది.

“స్టూడెంటే రావాలి మేడమ్. వేరేవాళ్లకి వివరాలు చెప్పకూడదు.”

“ఆయన రాలేరమ్మా.”

“అందరూ అదే అంటారండీ. పోనీ ఓ అరగంట వచ్చి వెళ్లమనండి.”

“రాలేరు.”

“మరీ అంత తీరిక లేకపోతే చదువెందుకు మేడమ్?”

“చనిపోయారమ్మా,” అన్నారు టీచరుగారు.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. కళ్లు తుడుచుకుని కంప్యూటరులో వెతకడం మొదలుపెట్టింది. “కారణాలన్నీ ఉన్నాయి మేడమ్. బదిలీ, ఉద్యోగం, ప్రసవం, అనారోగ్యం, ఆసక్తి లేకపోవడం... అదొక్కటే లేదు. అది క్లాజుగారి లాగిన్‌లో ఉంటుందనుకుంటా. ఆయన బుధవారం గానీ రారు.”

క్లాజుగారంటే ఆ సెక్షను సూపరింటెండెంటు. ఏం అడిగినా క్లాజు నంబరుతో జవాబు చెప్పడం వల్ల ఆ పేరు వచ్చింది.

“ఈలోగా గడువు ఆగాలంటే ఏదో ఒకటి నొక్కాలి మేడమ్. అనారోగ్యం మీద సెలవు అని పెట్టనా? కొంచెం దగ్గరగా ఉంటుంది.”

“దగ్గరే,” అన్నారు టీచరుగారు.

ఆ అమ్మాయి ధ్రువపత్రాన్ని కవరులో పెట్టి అంటించి, పైన ‘వ్యక్తిగతం’ అని రాసింది. మాస్టారి నంబరు వేసి, ‘మరణం’ అని రాసిన చీటీ ఒకటి దానికి పిన్ను పెట్టింది. టీచరుగారు బడికి చేరేసరికి మూడో పీరియడు సగమైంది. పిల్లలు ఆవిడ కోసం చాలా నిశ్శబ్దంగా ఎదురుచూస్తున్నారు.

అనారోగ్య సెలవు పెట్టిన విద్యార్థిని మర్నాడే పలకరించాలని నియమం. మంగళవారం విశ్వవిద్యాలయం ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు ఫోను చేసింది. టీచరుగారు బళ్లో ఉన్నారు. ఫోను ఎత్తింది ఆడపడుచు. అన్నగారు పోయినప్పటినుంచి వదినగారికి తోడుగా ఇక్కడే ఉంటోంది.

“మీ ఇంట్లో సెలవులో ఉన్న స్టూడెంటుకి ఎలా ఉందండీ?”

“మా అన్నయ్యకా?” అని ఆగింది. “బాగానే ఉన్నాడు.”

“నొప్పులూ అవీ?”

“ఏం లేవు.”

“తిండి సరిగ్గా తింటున్నారా?”

“అన్నయ్య దేనికీ పేచీ పెట్టే రకం కాదమ్మా. ఏది పెడితే అది తింటాడు.”

“అయితే క్లాసులకి రాగలరన్నమాట.”

“ఎందుకు రాడూ? పాతికేళ్లలో ఒక్కరోజు బడి మానాడా?”

“చాలా మంచిదండీ. కోలుకున్నట్టు రాసేస్తున్నా.”

సాయంత్రం టీచరుగారు చెప్పులు విప్పుతుండగానే ఆడపడుచు, “వదినా, ఎవరో ఫోన్ చేశారు,” అంది.

“ఏం చెప్పావు?”

“బాగానే ఉన్నాడని చెప్పాను.” తల ఎత్తలేదు. “నోటికి రాలేదు వదినా.”

టీచరుగారు కోప్పడలేదు. ఆ మాట బయటికి రావడానికి కౌంటరు దగ్గర ఆవిడకీ మూడు ప్రయత్నాలు పట్టాయి.

బుధవారం క్లాజుగారు వచ్చారు. చీటీ మీది నంబరు కొట్టి, ‘మరణించారు’ అని నొక్కారు. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ విద్యార్థి పూర్తి ఆరోగ్యంతో ఉన్నట్టు నిన్ననే వైద్య ధ్రువీకరణ ఉంది. క్లాజుగారు కవరు వంక చూశారు. ‘వ్యక్తిగతం’ అని ఉన్న కవరు విద్యార్థుల వ్యవహారాలు చూసే కమిటీ తప్ప ఎవరూ తెరవరాదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన ఒక్కటీ తెరవలేదు. కొత్త అమ్మాయి కదా, ఒక అంకె తప్పు రాసి ఉంటుందనుకున్నారు. పక్క నంబరు చూస్తే అదే ఇంటిపేరు, అదే చిరునామా. కంప్యూటరు వెంటనే ఒప్పుకుంది.

శుక్రవారం టీచరుగారు గ్రంథాలయం గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. కాపలా ఆయన తెర మీదికి వంగి చూసి, గొంతు తగ్గించాడు.

“మేడమ్, మీరు చనిపోయారని వస్తోందండీ.”

“నేను పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చాను.”

“ఇవ్వడానికి ఇబ్బంది లేదండీ. తీసుకోవడానికే వీల్లేదు.”

శనివారం మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ మాస్టారికే. మొదటిదాంట్లో ఆరోగ్యం కుదుటపడినందుకు అభినందనలు ఉన్నాయి. సెలవు కారణంగా ‘ఎఫ్’ తిరిగి ‘ఐ’ అయింది, సగటు మళ్లీ 3.67, విద్యార్థి మంచి స్థితిలో ఉన్నారు. రెండోదాంట్లో, సాయంత్రం తరగతుల్లో అందరికన్నా ఎక్కువ సగటు ఆయనదే కాబట్టి, గతంలో ఆయనే పేరిచ్చి ఉన్నారు కాబట్టి, విద్యార్థుల స్థితిగతులు విచారించే కమిటీలో ఆయన్ని విద్యార్థి సభ్యునిగా వేశారు. ‘ఐ’ తెచ్చుకున్నవాళ్ల తరఫున మాట్లాడాలని ఆయన పేరిచ్చిన మాట నిజమే. టీచరుగారి సగటు మూడున్నర. “ఈసారి కూడా ఎక్కువ ఆయనకే,” అనుకున్నారు.

మూడోది సంతాపం. “మీ అర్ధాంగి మరణవార్త మమ్మల్ని కలచివేసింది. ఒకే బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని చదువుకున్న ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ కావడం ఎంత కష్టమో ఊహించగలం. వ్యాసానికి తొందర లేదు. మీకు వీలైనప్పుడే ఇవ్వండి.” కింద క్లాజుగారి సంతకం.

టీచరుగారు దాన్ని రెండుసార్లు చదివారు. ఈ ఐదు నెలల్లో ఆ ఇంటికి వచ్చిన ఓదార్పు మాటల్లో అంత సరిగ్గా ఉన్నది మరొకటి లేదు. మడిచి, బల్ల సొరుగులో పెట్టుకున్నారు.

సోమవారం మళ్లీ వెళ్లారు. క్లాజుగారు మొదట ఆవిణ్ణి, తరవాత తెరని, మళ్లీ ఆవిణ్ణి చూశారు.

“పొరపాటు జరిగిందమ్మా. ఒప్పుకుంటున్నాను. కానీ చనిపోయినట్టు రాయడం వరకే నా అధికారం. తిరిగి బతికించడం కమిటీ పని. క్లాజు పంతొమ్మిది.”

“కమిటీ ఎప్పుడు కూర్చుంటుందండీ?”

“గురువారం. ముగ్గురు సభ్యులు. ముగ్గురూ ఉండాలి.”

పోయింది ఎవరో చెప్పడానికి టీచరుగారికి మళ్లీ నోరు రాలేదు; కవరు ఎలాగూ కమిటీయే తెరుస్తుంది కదా అనుకున్నారు.

గురువారం పొడుగాటి బల్ల వెనక మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. మధ్యలో అధ్యక్షురాలు, కుడివైపు ఒక లెక్చరరు. ఎడమవైపు కుర్చీ ఖాళీ. దాని ముందు మాస్టారి పేరు రాసిన అట్టముక్క, మంచినీళ్ల గ్లాసు, కొత్తగా చెక్కిన పెన్సిలు పెట్టి ఉన్నాయి. ఆ పెన్సిలు చూడగానే టీచరుగారు చేతిసంచీ గట్టిగా పట్టుకున్నారు.

“ఈ సభ్యుడేడీ?” అన్నారు అధ్యక్షురాలు. “మొదటి మీటింగుకే డుమ్మానా?”

“ఆయన రాకపోతే కోరం ఉండదు మేడమ్,” అన్నారు క్లాజుగారు. “కోరం లేనిదే ఈవిడ కేసు తీసుకోలేం.”

“ఆయన ఎక్కడున్నారో ఎవరికైనా తెలుసా?”

“ఆ కవరులో ఉందండీ,” అన్నారు టీచరుగారు, క్లాజుగారి ఫైలు మీదున్న కవరు చూపించి.

అధ్యక్షురాలు కవరు చించి, కాగితం చదివి, పక్కన లెక్చరరుకి ఇచ్చారు. ఆయన చదివి క్లాజుగారికి ఇచ్చారు. క్లాజుగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివారు.

“ముప్ఫై ఏళ్లుగా కవరు తెరవలేదనే గొప్పలు చెప్పుకున్నానమ్మా,” అన్నారు నెమ్మదిగా. అయినా అలవాటు ఆయన్ని వదల్లేదు. “సభ్యుడు మరణిస్తే స్థానం ఖాళీ. ఖాళీ స్థానం కోరంలోకి రాదు. అయితే ఖాళీ అని ప్రకటించడానికి కోరం కావాలి...”

“క్లాజుగారూ,” అన్నారు అధ్యక్షురాలు, “కూర్చోండి.”

ఆయన కంగారులో దగ్గరున్న కుర్చీలో కూర్చున్నారు. అది ఖాళీ కుర్చీయే. బల్ల వెనక ముగ్గురయ్యారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. టీచరుగారు బతికే ఉన్నారని రెండు నిమిషాల్లో తీర్మానించారు.

“ఇక మాస్టారి విషయం,” అన్నారు అధ్యక్షురాలు. “ఇలాంటప్పుడు మిగిలిపోయిన కోర్సుకి మేమే గ్రేడు ఇవ్వొచ్చు. ‘ఏ’ ఇద్దామనుకుంటున్నాం. పట్టాలో బాగుంటుంది.”

టీచరుగారు తల అడ్డంగా ఊపారు.

“వద్దండీ. రాయని కాగితానికి ఆయన ఎప్పుడూ మార్కులు వెయ్యలేదు. సున్నా కూడా వెయ్యలేదు. ఆ ‘ఐ’ని అలాగే ఉంచగలరా?”

“ఎప్పటిదాకా?”

“గడువు లేకుండా.”

అధ్యక్షురాలు పక్కకి చూశారు. క్లాజుగారు నియమావళి తెరిచారు, కొన్ని పేజీలు తిప్పారు, మూసేశారు. “ఎక్కడా వద్దని లేదు,” అన్నారు. క్లాజు నంబరు చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే ఉంది. “ఏమన్నారు వదినా?”

“నేను బతికే ఉన్నానన్నారు.”

“అన్నయ్య?”

“మంచి స్థితిలో ఉన్నారట.”

లోపల ఫోను మోగింది. ఆరోగ్య కేంద్రం నర్సు. కోలుకున్నవాళ్లని పదో రోజున మళ్లీ పలకరించాలని నియమం. ఆడపడుచు ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది. “మా అన్నయ్య చనిపోయాడమ్మా,” అంది చివరికి. “ఆరోజు అబద్ధం చెప్పాను. ఏమీ అనుకోకు.” అవతల ఏమన్నారో గానీ, చాలాసేపు వింటూ ఉండిపోయింది.

టీచరుగారు బల్ల దగ్గర కూర్చుని, కాగితాలు మొదటిసారి చేతిలోకి తీసుకున్నారు. శీర్షిక: ‘మార్కులు పిల్లల గురించి చెప్పలేనివి’. దాని కింద ఒక వాక్యం: ‘నా పాతికేళ్ల అనుభవంలో ఇవి చాలా ఉన్నాయి.’ అంతే ఉంది. కాగితాలు సర్ది, పెన్సిలుని వాటి మీద అడ్డంగా పెట్టి, మళ్లీ అక్కడే ఉంచారు.

వ్యాసం పన్నెండు పేజీలు ఉండాలి. ఇంకా పదకొండు పేజీల పైచిలుకు రాయాల్సి ఉంది.