నలుగురితో పాటు కంగారు

మాదాపూర్‌లోని ఒక ఐటీ కంపెనీ, మానసిక చికిత్స పొందుతున్న తన ఉద్యోగులకు తప్పుడు వార్తలను గుర్తుపట్టడంలో మూడు రోజుల ఉచిత శిక్షణ ఇవ్వాలని సదుద్దేశంతో నిర్ణయించింది. మిగిలిన నాలుగు వేల మందికీ మతి నిలకడగా ఉన్నందున వారికి ఈ శిక్షణ అవసరం లేదని ఉత్తర్వులోనే స్పష్టం చేశారు.

మణికొండ నుంచి ప్రశాంతి వచ్చింది. ఏడాదిగా కుంగుబాటుకు మందులు వాడుతోంది. ఇప్పుడు బాగానే ఉందని డాక్టరు రాసిచ్చాడు. అయితే డాక్టరు మాట ఒక్కటే చాలదట. శిక్షణ చివర సంక్షేమాధికారి సోమేశ్వరరావు 'కోలుకున్నారు' అని సంతకం పెడితేనే పాత సీటు, లేదంటే ఇంటికే. ఆ సీటు పోతే మళ్లీ మంచం పడతానని ప్రశాంతి భయం.

సోమేశ్వరరావు గారు దయామయులు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు.

"ఏ వార్త వచ్చినా ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడగాలండీ. మీలాంటి వాళ్లు ఇట్టే నమ్మేస్తారు, పాపం!"

రెండో రోజు పాఠం మధ్యలో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా వార్త పడింది: నల్లా నీళ్లలో విషం కలిసింది, తాగితే అంతే సంగతులు. సోమేశ్వరరావు గారు సీసాలోని నీళ్లు పూలకుండీలో గుమ్మరించి, వార్తను పదకొండు గ్రూపులకు పంపి, లిఫ్టు కోసం ఆగకుండా కిందికి పరుగెత్తారు. పద్నాలుగు అంతస్తుల మేధావులూ ఆయన వెనకే. గదిలో మిగిలిన ఆరుగురు శిక్షణార్థులు పాఠం ప్రకారం ఫొటో పుట్టుపూర్వోత్తరాలు వెతికారు. మూడేళ్ల నాటిది, మన రాష్ట్రానిది కూడా కాదు. ప్రశాంతి కిందికి వెళ్లి చెప్పింది.

"జర ఆగుండ్రి సార్. అది పాత ఫొటో. వాటర్‌వర్క్స్‌కు ఫోన్ జేసిన, ఏం లేదన్నరు."

ఆయన ఆమె వైపు జాలిగా చూశారు.

మూడో రోజు ఉదయం ప్రశాంతి మీద తాను రాసిన నివేదిక చదివారు: "అందరూ నమ్మినదానిని శంకించుట. ప్రమాదవేళ భయము లేకుండుట. లక్షణములు తీవ్రము."

"మీరు చెప్పిందే చేసిన కద సార్! ఇంకేం జెయ్యాలె నేను?"

"పాఠం వేరు, ప్రాణం వేరు తల్లీ. ఒక్కసారి నలుగురితో పాటు కంగారు పడి చూపించండి, సంతకం పెట్టేస్తాను."

ఆ మధ్యాహ్నమే భూకంపం వార్త వచ్చింది: సరిగ్గా మూడూ పదికట. భూకంపం టైము చెప్పి రాదని ప్రశాంతికి తెలుసు. అయినా లేచి, చెప్పులు చేత పట్టుకుని, "అమ్మో" అని అరుస్తూ మెట్లు దిగింది. పదో అంతస్తు దగ్గర సిగ్గుతో ఏడుపొచ్చింది. అదీ ఆమెకు అనుకూలంగానే నమోదైంది.

సాయంత్రానికి సంతకం పడింది. కుర్చీల్లోంచి లేవని మిగతా అయిదుగురికీ శిక్షణ పొడిగించారు. పాఠకులు తమ ఆరోగ్యం గురించి దిగులు పడనవసరం లేదు. ఆ భూకంపం వార్త ఆఫీసుకు చేరింది మీ దగ్గర్నుంచే.