డీలరు రేటు

గురువారం ఉదయం కాంతామణి ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగగానే భర్త గోపాలకృష్ణన్, కూతురు మధుమిత కలిసి ఊళ్లోనే ఉన్న సేలం రోడ్డుకు వెళ్లాలి. తక్కువలో విడిభాగాలతో ఒక కంప్యూటర్ కట్టించుకుని మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావాలి.

మధుమిత చెట్టికరై కాలేజీలో ఇంజినీరింగ్ ముగించి రెండేళ్లు దాటింది. ఉద్యోగం దొరకలేదు. చుట్టాలు "ఇంకా ఏమీ కుదర్లేదా?" అని అడగడం కూడా మానేశారు. అడగడం కంటే అదే ఎక్కువ బాధగా ఉంది. ఇప్పుడు హోసూరులో ఇంజినీరింగ్ డ్రాయింగులు గీయించే కంపెనీ ఒకటి ఆమెకు ఇంటి నుంచే చేసే పని ఇస్తానంది. సోమవారం పదిగంటలకు వాళ్లు ఫోన్ చేసి, కంప్యూటర్ మీద పరీక్ష పెడతారు. మధుమిత పాత ల్యాప్‌టాప్ ఆషాఢంలోనే చచ్చిపోయింది.

"నాయనా, అన్నీ ఒకే అంగట్లో తీసుకుందాము" అంది మధుమిత. "వాళ్లే బిగించి, ఆన్ చేసి చూపిస్తారు. ప్రతి బోర్డులోనూ ప్రతి ప్రాసెసర్ కూర్చోదు. పైగా స్క్రీన్ మీద బొమ్మ తెప్పించే ప్రాసెసరే కావాల. లేకుంటే వేరే కార్డు కొనాల."

గోపాలకృష్ణన్ నవ్వాడు. మూడు తరాలుగా ఈ తమిళ ఊళ్లో వాళ్లది పాత్రల వ్యాపారం.

"అన్నీ ఒకే అంగట్లో కొనేవాణ్ని చూస్తేనే కద నేను రేటు పెంచేది! ఏడో నంబరు తపేలా ఏ ఊర్లో చేసినా, ఏడో నంబరు మూత ఏ ఊర్లో చేసినా సరిగ్గా కూర్చుంటుంది. నంబరు చూసుకుంటే సరి."

"ఇది తపేలా కాదు నాయనా."

"నువ్వు ఇంట్లోనే ఉండు. నీ మొగం చూస్తే వాళ్లకి మన అవసరం తెలిసిపోతుంది."

కాంతామణి దోసె తిరగేస్తూ భర్త మొహం చూసింది. ఏదైనా కొనడానికి బయలుదేరినప్పుడు ఆయన పరామర్శకు వెళ్లేవాడిలా తయారవుతాడు.

సేలం రోడ్డులో అన్బళగన్ అనే అతను కంప్యూటర్ దుకాణం నడుపుతున్నాడు. అతను మదర్‌బోర్డు ధర చెప్పగానే గోపాలకృష్ణన్ తల అడ్డంగా ఊపాడు.

"అది కొనేవాళ్లకి చెప్పే రేటు. నేను అమ్మేవాణ్ని. పాత్రల పక్కనే కంప్యూటర్ అంగడి పెడతా ఉండాను. డీలరు రేటు చెప్పండి" అన్నాడు తమిళంలో.

అన్బళగన్ ఆయన్ని ఒక క్షణం చూశాడు. వ్యాపారంలోకి కొత్తగా వచ్చి పడే అమాయకుడి మీద పాతవాళ్లకు కలిగే ప్రేమ అతని కళ్లలో కనిపించింది. వెంటనే టీ తెప్పించాడు. "కొత్తగా వస్తా ఉండారు మొదలాళీ, మీకు చెయ్యక ఇంకెవరికి చేస్తాను?" అంటూ, అంగడి యజమానిని పిలిచినట్టే పిలిచి, తానే లోపలికి వెళ్లి, ఒక డబ్బా మీద దుమ్ము తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. పల్లెల్లో కొత్తగా పాత్రల అంగడి పెట్టేవాళ్లకు గోపాలకృష్ణన్ కూడా ఇలాగే, ఎన్నేళ్లుగానో కదలని టిఫిన్ క్యారియర్లను ఎంతో ఆప్యాయంగా అంటగడతాడు. కానీ తక్కువలో దొరుకుతున్నప్పుడు ఆ సంగతి ఆయనకు తట్టలేదు. మరో రెండు దుకాణాల్లో అదే అబద్ధం చెప్పి ప్రాసెసర్, ర్యామ్ తీసుకున్నాడు. కంప్యూటర్ పెట్టెను మాత్రం చేత్తో ఎత్తి, బరువు చూసి ఎంచాడు.

సాయంత్రం మధుమిత వాటి ముందు కూర్చుని, శవాన్ని గుర్తుపట్టమని పిలిస్తే వచ్చినవాళ్లలా ఒక్కొక్కటే చూసింది.

"బోర్డు పాతకాలంది నాయనా. ప్రాసెసర్ కొత్తది. దాంట్లో ఇది కూర్చోదు. కూర్చున్నా బొమ్మ రాదు."

"కొంచెం నొక్కితే..."

"నాయనా, వద్దు!"

బిగుసుకున్న మూతను నొక్కినట్టే ఆయన బొటనవేలితో నొక్కేశాడు. సన్నగా ఒక చప్పుడైంది. బోర్డు మీది సన్నని తీగలన్నీ ఒక పక్కకు పడుకున్నాయి. మధుమిత లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేదనుకుంది కాంతామణి.

మర్నాడు గోపాలకృష్ణన్ బోర్డు పట్టుకుని అన్బళగన్ దగ్గరికి వెళ్లాడు.

"డీలర్లకిచ్చిన సరుకు వాపసు తీసుకోము మొదలాళీ. మీ అంగట్లో పెట్టండి, ఎవరో ఒకరు కొంటారు" అన్నాడు అన్బళగన్ చల్లగా.

అంగడీ లేదు, గింగడీ లేదు, ఇది బిడ్డ కోసం అని చెప్పడానికి గోపాలకృష్ణన్ నోరు తెరిచాడు. తెరిచిన నోటితో ఇంకో బోర్డు అడిగాడు. అది కూడా లోపలి నుంచే వచ్చింది. అది కూడా పనిచేయలేదు.

ఈలోగా కబురు బజారంతా పాకింది. శుక్రవారం సాయంత్రం పెరియసామి వచ్చాడు. వాళ్ల వీధిలో నెట్ సెంటర్ అతనిది. "నిన్నటి నుంచి స్క్రీన్ నల్లగా ఉంది. మీరు ఈ లైన్లోకి వచ్చినారంట కద" అంటూ కంప్యూటర్‌ను వాకిట్లో దించాడు. గడప దాకా వచ్చిన మనిషిని గోపాలకృష్ణన్ ఏనాడూ ఉత్తచేతులతో తిప్పి పంపలేదు. "పెట్టి పోండి" అన్నాడు. శనివారం నాటికి హాలునిండా ఊరివాళ్ల చచ్చిన కంప్యూటర్లే. కాంతామణి వంటింట్లోకి వెళ్లాలంటే వైర్లు దాటుకుంటూ వెళ్లాలి.

"నేను నెట్ సెంటర్‌కి పోయి పరీక్ష రాసుకుంటానమ్మా" అంది మధుమిత.

"ఆ సెంటర్‌లో పనికొచ్చే కంప్యూటర్ అదొక్కటేనంట" అని కాంతామణి హాలు మూలకు చూపించింది.

తరవాత భర్త దగ్గరికి వెళ్లింది. "ఏమండి, నిజం చెప్పేయండి."

"ఊరంతా తెలిసినాక ఇప్పుడెట్లా చెప్పేది? నా మొగం ఎక్కడ పెట్టుకోవాల?"

ఆదివారం పొద్దున హరూర్ నుంచి కాంతామణి అన్న అంజప్ప దిగాడు. ఒక చేతిలో లక్ష్మీదేవి పటం, ఇంకో చేతిలో పూలదండ. మొహం మాత్రం ఉబ్బి ఉంది.

"మీరు అంగడి పెడతా ఉండారని బస్సులో కండక్టర్ చెప్పినాడు. నా చెల్లెలింటి సంగతి కండక్టర్ చెప్పాల్నా నాకు?"

"అంగడేం లేదన్నా, వీళ్ల నాయన..." అని కాంతామణి మొదలుపెట్టింది.

"నీకు చెప్పకుండా పెడతామా బావా?" అని గోపాలకృష్ణన్ అడ్డం పడ్డాడు. "నీ చేతుల మీదుగానే తెరవాలని కద ఆగింది!"

అంజప్ప కరిగిపోయాడు. అక్కడే నిలబడి, పూజలు చేయించే అయ్యవారికి ఫోన్ చేశాడు. సోమవారం రాహుకాలం పోయాక, యమగండం రాకముందు, పదిగంటలకు మంచి ఘడియ ఉందన్నారు అయ్యవారు.

"మామా, నాకు ఆ టైముకే ఫోన్ వస్తుంది" అంది మధుమిత.

"రానీ తల్లీ, శుభమే కద!"

సోమవారం పాత్రల దుకాణంలో ఒక పక్క బిందెలు జరిపి, ఊరివాళ్ల కంప్యూటర్లను వరసగా పెట్టారు. అంజప్ప ఒక్కోదానికి పసుపు, కుంకుమ పెట్టి పూలదండలు వేశాడు. నల్లటి తెరల మీద దండలు పడేసరికి అవి పోయినవాళ్ల ఫోటోల్లా కనిపించాయి. పెరియసామి వచ్చాడు. అన్బళగన్ పళ్లు పట్టుకుని వచ్చాడు. మధుమిత చేతికి హారతి పళ్లెం ఇచ్చారు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కర్పూరం పొగ వల్లేనని అంజప్ప చెప్పాడు.

ఫోన్ మోగింది. ఎవరూ కదలలేదు. కాంతామణి ముందుకు వచ్చి కూతురి చేతిలో పళ్లెం తాను అందుకుంది.

"నువ్వు మాట్లాడు" అంది.

మధుమిత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "మేడం, నన్ను క్షమించండి. నా దగ్గర కంప్యూటర్ లేదండి."

అయ్యవారి చేతిలో గంట ఆగిపోయింది. అందరూ మధుమితను చూశారు, ఆమె వెనక దండలు వేసుకున్న కంప్యూటర్లను చూశారు, చివరికి గోపాలకృష్ణన్‌ను చూశారు.

"ఇన్ని పెట్టుకుని సొంత బిడ్డకి ఒకటి ఇవ్వలేదా మొదలాళీ?" అన్నాడు పెరియసామి. అన్బళగన్ పళ్ల సంచిలోకి చూస్తూ ఉండిపోయాడు.

అవతలి గొంతు ఏదో అంటోంది. మధుమిత వింటూ నెమ్మదిగా గోడకు ఆనుకుంది. "అవునండి... తెలియక... సరేనండి" అని ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నారే?" అంది కాంతామణి.

"ముందే చెప్పకూడదా అన్నారమ్మా. ఆఫీసులో కంప్యూటర్లు ఖాళీగా పడి ఉన్నాయంట. రేపు బస్సెక్కి వచ్చి, అక్కడే కూర్చుని రాయమన్నారు."

గోపాలకృష్ణన్ బిందెల చాటుకు వెళ్లి చాలాసేపు ఏదో సర్దుతూ ఉండిపోయాడు.

మధుమిత పరీక్షలో నెగ్గింది. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి రోజూ తెల్లవారుజామున బస్సులో హోసూరు ఆఫీసుకు వెళ్లి, దీపాలు పెట్టాక ఇంటికి వస్తోంది. ఆదివారాలు నిద్రపోతుంది. ఆ రోజు కంప్యూటర్ మాట ఎత్తవద్దని కాంతామణి భర్తకు గట్టిగానే చెప్పింది. బిందెలు ఇప్పుడు ఒక గోడకే పరిమితమయ్యాయి. ఊరివాళ్ల కంప్యూటర్లు మాత్రం వారం వారం పెరుగుతున్నాయి.

పెరియసామి ప్రతి ఉదయం వచ్చి "అయిందా మొదలాళీ?" అని అడుగుతాడు. గోపాలకృష్ణన్ పెట్టె మూత విప్పి, డాక్టరులా లోపలికి గంభీరంగా చూసి, మళ్లీ మూసేస్తాడు.

"రేపు రండి" అంటాడు.

కంప్యూటర్ రిపేరు పని ఆయనకు సగం వచ్చేసినట్టే.