ఆన్ కాని కంప్యూటరే ఇంటికి మేలు

కంప్యూటర్ కొనండి. కొన్నాక అది ఆన్ కాకూడదని మొక్కుకోండి!

నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. ఆన్ అయ్యే కంప్యూటర్ వల్ల ఇంటికి ఒరిగిందేమిటి? పిల్లలు దాని ముందు కూర్చుని మెడలు నొప్పులంటున్నారు. పెద్దలు దాని ముందు కూర్చుని పాస్‌వర్డ్ మర్చిపోతున్నారు. అదే ఆన్ కాని కంప్యూటరనుకోండి! ఇంట్లోవాళ్లు చాలా రోజులకు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పక్కింటివాళ్లు వస్తారు. పొయ్యి మీద చాయ్ మరుగుతుంది. పలకరింపులు మానేసిన చుట్టం కూడా "ఏందట, షురూ అయితలేదట గదా" అంటూ గడప తొక్కుతాడు. ఇంతమందిని ఒక్కచోటికి చేర్చే వస్తువు ఇంకేదైనా ఉంటే చెప్పండి, అదే కొందాం.

నా మాట మీద నమ్మకం లేకపోతే, సిద్దిపేటలో ఉష ఇంట్లో సద్దుల బతుకమ్మ నాడు ఏం జరిగిందో వినండి.

ఉష భర్త గజేందర్‌ది ఎరువుల దుకాణం. కూతురు సాత్విక డిగ్రీ చదువుతోంది. వాళ్ల హాల్లో ఒక బల్ల, బల్ల మీద స్క్రీన్, పక్కన పీట మీద కంప్యూటర్ డబ్బా. ఆ డబ్బాలో సినిమాల కింద, పెళ్లి ఫోటోల కింద, ఎవరిదో గృహప్రవేశం వీడియో కింద 'నాయినమ్మ పాటలు' అని ఒక ఫోల్డర్ ఉంది. నాయినమ్మ అంటే గజేందర్ తల్లి రామవ్వ. ఆ వాడకట్టులో బతుకమ్మ పాట ఎత్తాలంటే రామవ్వే ఎత్తాలి. ఆమె ఒక వరుస అంటే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా అందుకునేవారు. మోకాళ్లు మొరాయించాక కూడా కుర్చీ వేయించుకుని మరీ పాడింది. ఒకనాడు సాత్వికకు బుద్ధి పుట్టి, మైకు తగిలించి, ఆమె పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఒక్క పాట కూడా నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోవాలి? కంప్యూటర్‌లో ఉన్నాయి గదా!

రామవ్వ పోయింది. సంవత్సరీకం కూడా అయిపోయి, ఇంట్లో మళ్లీ బతుకమ్మ పేర్చుకుంటున్న మొదటి పండుగ ఇది. ఈసారి పాట ఎత్తే వంతు కోడలిదని వాడకట్టంతా తీర్మానించింది. ఉషను మాత్రం ఎవరూ అడగలేదు. ఉషకు అందుకోవడమే వచ్చు, ఎత్తడం రాదు. ఎవరూ ఎత్తకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. చౌరస్తాలో కుర్రకారు డీజే దించి, మనిషంత ఎత్తు డబ్బాలు పేర్చి, ఎప్పుడెప్పుడా అని చూస్తున్నారు.

"డీజేకాడికి పోము. మా అత్తమ్మ గొంతే పెడ్త. గామె ఎత్తుతది, మనం అందుకుందాం" అని ఉష ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చింది. అత్త ఉన్నన్నాళ్లూ ఆమె పాట గురించి పెద్దగా పట్టించుకోని కోడలికి, ఇప్పుడు ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇలాంటివి మనిషి పోయాకే ఎందుకు తడతాయో నన్నడగకండి, నేను కంప్యూటర్ల గురించి రాస్తున్నాను.

పండుగ నాడు పొద్దున్నే ఉష తలస్నానం చేసి వచ్చి బటన్ నొక్కింది. లైటు ఒకసారి మిణుక్కుమంది. లోపల ఫ్యాను గుర్రుమని, మానుకుంది. మళ్లీ నొక్కింది. ఈసారి ఆ గుర్రు కూడా లేదు.

ఇక చూడండి, ఆన్ కాని కంప్యూటర్ మహిమ!

మొదట గజేందర్ వచ్చాడు. పండుగైనా పెళ్లైనా భార్య పిలిస్తే "ఆఁ, వస్తున్న" అని ఫోన్‌లోంచి తల ఎత్తని మనిషి, పిలవకుండానే వచ్చాడు! ఆయనకు తెలిసిన యంత్రం బోరు మోటారు ఒక్కటే. కాబట్టి బోరు మోటారుకు చేసే వైద్యమే చేశాడు. ప్లగ్గు పీకాడు, గుచ్చాడు. స్విచ్ బోర్డు మీద చెవి పెట్టి విన్నాడు. "ఫేజు పోయినట్టుంది" అన్నాడు. నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది.

ఆ మాట విని పక్కింటి సుధాకర్ వచ్చాడు. కరెంటు పనిలో రిటైరైన పెద్దమనిషి. ఇంట్లో ఏ వస్తువు పాడైనా, చివరికి ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా, ఆయన ఎర్తింగునే అనుమానిస్తాడు. "ఎర్తింగు ఎండింది గజేందర్. గుంతల నాలుగు బకెట్ల నీళ్లు పొయ్యిండ్రి, ఉప్పెయ్యిండ్రి" అన్నాడు. పోశారు, వేశారు. పెరట్లో నేల చల్లబడింది. కంప్యూటర్ మాత్రం అలాగే ఉంది.

తర్వాత రిపేర్ల రాకేష్ వచ్చాడు. పండుగ నాడు కూడా వచ్చాడంటే పిల్లవాడి మంచితనం చూడండి! కొత్త చొక్కా నలగకుండా దూరం నుంచే వంగి చూసి, రోగం కనిపెట్టేశాడు.

"విండోస్ వోయింది వదినా. ఫార్మాట్ కొడ్తె సాఫైతది."

"మరి అండ్ల మా అత్తమ్మ పాటలున్నయి?"

"పోతయి. అన్నీ పోతయి. బతుకమ్మ పాటలకేం తక్కువ వదినా, ఫోన్ల కొడ్తె మస్తొస్తయి!"

చూశారా? లైటే వెలగని డబ్బాకు లోపల ఏం పోయిందో బయటి నుంచే చెప్పగలిగాడు. మన దవాఖానల్లో కూడా ఇంత తొందరగా తేలదు. గజేందర్ తల ఊపాడు. సుధాకర్ ఊపాడు. "ముందుగాల్నే పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకుంటె అయిపోవు గదా" అని అందరూ ఉషనే అన్నారు. ఉష కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆమె గొంతు గిండ్ల తప్ప ఇంకేడ లేదు. ఫార్మాటూ వద్దు, ఏమొద్దు. ఎవ్వలు చెయ్యి వెట్టకుండ్రి" అంది గట్టిగా. చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

ఇంతమంది ఇన్ని ముట్టుకున్నారు గానీ, ఒక్కటి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. డబ్బా నెత్తిన పూల మూట.

ముందురోజు గజేందర్ కుకునూరుపల్లి నుంచి తంగేడు, గునుగు తెచ్చాడు. పూలు వాడకుండా ఉష వాటిని తడిబట్టలో చుట్టింది. నేల మీద పెట్టకూడదు, కాళ్లు తగులుతాయి. దేవుడి అర్రలో జాగ లేదు. ఫ్యాను కింద, ఎత్తు మీద, తుడిచి శుభ్రంగా ఉన్న చోటు ఇల్లంతా వెతికితే అదొక్కటే కనిపించింది. ఎవరూ ముట్టని వస్తువు, ఇంతకంటే పవిత్రమైన చోటేది? వచ్చిన మేధావులంతా ఆ మూటను చూశారు. మూట కింద డబ్బాను చూశారు. స్నానం చేయకుండా పండుగ పూలు ముట్టుకుంటే పాపమని చేతులు వెనక్కి తీసుకున్నారు. సుధాకరైతే స్క్రూడ్రైవర్ మూటకు తగలకుండా పక్కకు వంగి, నడుం పట్టేయించుకున్నాడు కూడా. భక్తి అంటే అదీ!

ఉష బతుకమ్మ పేర్చడానికి మూట ఎత్తింది. కింద డబ్బా మీద నీళ్లు. గాలి ఆడే సందుల్లోంచి లోపలికి కారిన చారలు. ఉష నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, నా చేతులు విరగ! నేనే ముంచిన."

ఎవరినీ పిలవలేదు. పిలిస్తే మళ్లీ చాయ్ పెట్టాలి. సాత్వికను వెంటబెట్టుకుని పక్క రేకు విప్పి, పొడిబట్టతో అద్ది, డబ్బాను డాబా మీద ఆరబోసిన మక్కజొన్నల పక్కన ఎండకు పెట్టింది. మక్కలను కలబెట్టినట్టే మధ్యమధ్య దాన్నీ తిప్పింది. కింద తంగేడు వరుసలు పేరుస్తూనే గౌరమ్మకు మొక్కింది. "తల్లీ, గా ఒక్క గొంతు నిలవెట్టు, ఇంకేమడగ" అంది. గౌరమ్మను కంప్యూటర్ రిపేరుకు పిలిచిన మొదటి ఆడది ఆమే అయి ఉంటుంది.

పొద్దు వాలే వేళకు డబ్బా కిందికి దిగింది. ఉష బటన్ నొక్కింది. ఫ్యాను గుర్రుమంది, ఆగలేదు. స్క్రీన్ వెలిగింది!

వాడకట్టులో ఆ కబురు పాకడానికి ఎంతసేపు? పట్టుచీరలు కట్టుకుని ఆడవాళ్లంతా హాల్లోకి వచ్చేశారు. మధ్యలో బతుకమ్మను పెట్టారు. రామవ్వ ఈడుదే, ఆమె దోస్తు బుచ్చవ్వ, గోడకు ఆనుకుని కూర్చుంది. గజేందర్ స్పీకర్ తగిలించాడు, ఎర్తింగు బాగైందని సుధాకర్ అందరికీ చెబుతున్నాడు. సాత్విక ఫోల్డర్ తెరిచింది. అందులో ఒకటే ఫైలు ఉంది.

"మిగతయి ఏడ వోయినయే?" అంది ఉష.

"ఏమో అమ్మా. ఆ దినం పెట్టి పోయిన. మళ్ల తెరువలే."

ఎవరూ తెరవలేదు. మీరు మాత్రం తెరిచారా? మీ తిరుపతి ఫోటోలు, మీ పిల్లల మొదటి నడక, అన్నీ 'తర్వాత చూద్దాం' అని దాచి పెట్టారు గదా, ఎప్పుడైనా తెరిచారా? సరే, మిమ్మల్నెందుకు అనడం.

సాత్విక నొక్కింది.

"తంగేడు పూసింది ఉయ్యాలో, గట్టంత పసుపాయె ఉయ్యాలో..."

రామవ్వ గొంతు! కొంచెం జీర, కొంచెం దగ్గు, అచ్చం ఆమే. ఉష నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా అందుకున్నారు. చప్పట్లకు కిటికీ అద్దాలు అదిరాయి. చౌరస్తాలో డీజే వినపడకుండా పోయింది.

రామవ్వ రెండో వరుస ఎత్తింది. అందరూ ఇంకా గట్టిగా అందుకున్నారు.

మూడో వరుస రాలేదు. స్పీకర్‌లో కాసేపు గాలి చప్పుడు. తర్వాత రామవ్వ మాట.

"ఏందే, ఒక్కలన్న అందుకుంటలేరు? ఇంట్ల ఉన్నట్టా, లేనట్టా? ఒక్కదాన్నే పాడితె గది బతుకమ్మ పాటైతదా?"

చప్పట్లు ఆగిపోయాయి.

"నువ్వు పాడు నాయినమ్మా. రికార్డైతుంది, మేం తర్వాత వింటం." అది సాత్విక గొంతు.

"నాకెందుకే రికార్డు. ఓ ఉషా! నువ్వన్న రారాదు బిడ్డా, జర అందుకో."

వంటింట్లోంచి, గిన్నెల చప్పుడు మధ్య, ఉష గొంతు వినిపించింది.

"నాకు పనుంది అత్తమ్మా. నువ్వు కానియ్. కంప్యూటర్ వింటుంది గదా!"

కుర్చీ జరిగిన చప్పుడు. "వింటదా గది?" అని రామవ్వ మెల్లగా అనుకున్న మాట. అంతటితో ఫైలు అయిపోయింది.

ఉష బతుకమ్మ ముందు కూలబడి ఏడ్చింది. బుచ్చవ్వ గోడ పట్టుకుని లేచింది.

"బందు వెట్టు పిల్లా దాన్ని. ఉషా, లే. నాకు యాదికున్నకాడికి నేనెత్తుత. నువ్వు అందుకో" అంది.

సాత్విక ఆఫ్ చేసింది. బుచ్చవ్వ ఎత్తింది. సగం మర్చిపోయింది. ఉష అందుకుంది, ఏడుస్తూనే.

ఇప్పుడు చెప్పండి, కంప్యూటర్ ఆన్ కాకపోవడం మేలంటే నన్ను వెటకారం చేశారు. ఆ డబ్బా ఎండకుండా ఉండి ఉంటే ఎంత బాగుండేది! రామవ్వ పాటలన్నీ తమ దగ్గర భద్రంగా ఉన్నాయని, ఆ ఇంట్లోవాళ్లు ఇంకా హాయిగా అనుకుంటూ ఉండేవాళ్లు.